తొండ తలూపిన జాగా

కాస్త జాగా కొని పడేస్తే రేటు దానంతటదే పెరుగుతుందని ఎవరో అనగా విని, ఉడుత ఏడాదంతా దాచుకున్న వేరుశెనక్కాయలు మూటగట్టుకుని బ్రోకరు తొండ దగ్గరికి పరిగెత్తింది. తొండ దాన్ని ఓ జాగా దగ్గరికి తీసుకెళ్లింది.

"మామా, ఇక్కడ నీళ్లు పడతాయా?"

తొండ తల ఊపింది.

"పక్కనే రోడ్డొస్తుందా?"

ఊపింది.

"ఏడాదిలో రెట్టింపవుతుందా?"

ఇంకా గట్టిగా ఊపింది. ఉడుత మురిసిపోయి మూట మొత్తం దాని ముందు పెట్టేసింది.

తీరా తవ్వి చూస్తే అంతా బండరాయి. ఉడుత మండిపడుతూ తిరిగొచ్చింది.

"నన్ను నిలువునా ముంచావు కదూ?"

తొండ తల ఊపింది.

"నా కాయలు తిరిగిచ్చేస్తావా?"

ఊపింది.

"రేపే?"

ఊపింది.

ఉడుత కోపం చప్పున చల్లారింది. "అదీ మాట! అయినా అన్నీ అడిగే కొన్నాను. నేను తెలివైనదాన్నే కదా మామా?"

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తొండ తల ఊపడం ఆపేసింది.