తాగుబోతు వేషం

ఉదయ్ మాస్టారు బేబి మణికట్టు పట్టుకున్నాడు.

క్యాజువాలిటీ కిటికీ బయట నిలబడ్డ ఫల్గుణకు ఒళ్లు మండిపోయింది. బేబి అతని భార్య, ఆ ఆసుపత్రిలోనే నర్సు.

“బొటనవేలి వైపు తిప్పి ఒక్కసారి లాగమ్మా,” అన్నాడు ఉదయ్.

బేబి లాగింది. చెయ్యి విడిపోయింది. నర్సులంతా చప్పట్లు కొట్టారు. బేబి నవ్వింది.

ఆ నవ్వు ఇంట్లో చూసి ఎన్నాళ్లయిందో ఫల్గుణకు గుర్తు రాలేదు.

మాస్టారు విశాఖ నుంచి వచ్చాడు. నలగని చొక్కా, నున్నటి గడ్డం. ఎమర్జెన్సీలో ఎవరైనా మీదపడితే ఎలా తప్పించుకోవాలో నర్సులకు నేర్పుతున్నాడు. ఈ కొండల్లో ఒక్క రోగిని మోసుకొస్తే వెనకాలే ఊరంతా వస్తుంది. డాక్టరు రావడం ఆలస్యమైతే వాళ్ల భయమంతా కోపమై నర్సుల మీద పడుతుంది.

పోయిన నెల బేబి కుడి చెంప కమిలిపోయింది. రోగి తాలూకు మనిషి కొట్టాడని హెడ్ నర్సు ఉమామహేశ్వరితో చెప్పింది. ఆవిడే పట్టుబట్టి ఈ శిక్షణ పెట్టించింది.

ఫల్గుణ జీపు డ్రైవరు. ఆ రోజు లంబసింగి వెళ్లే టూరిస్టులను వదులుకుని, జీపు ఆసుపత్రి ఆవరణలోనే పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర భార్యను పట్టుకున్నాడు.

“ఏటి, ఆడితో అన్ని నవ్వులు?”

“నేర్పుతన్నారు. నేర్సుకుంటన్నాను.”

“సెయ్యి పట్టుకునే నేర్పాలేటి?”

బేబి సగం తిన్న డబ్బాకు మూత పెట్టేసింది.

అటుగా వెళ్తున్న ఆయా సోములమ్మ ఆగింది. “ఏటి ఫల్గుణా, పెళ్లానికి కాపలా కాత్తన్నావా? మాస్టారేటీ ఎత్తుకుపోడులే!”

ఆ మాట అగ్గి మీద కిరసనాయిలైంది.

భోజనాలయ్యాక ఉదయ్ చొక్కా చేతులు మడిచాడు. “ఇప్పుడు నేను తాగొచ్చిన బంధువుని. బేబీ, నువ్వు రామ్మా.”

తలుపు తోసుకుని ఫల్గుణ లోపలికొచ్చాడు. “ఆ ఏసం నానేత్తాను.”

“మీరెవరు?”

“దాని మొగుణ్ణి.”

అందరూ గొల్లుమన్నారు. ఉదయ్ కూడా నవ్వాడు. “భలే. కానీ నిజంగా కొట్టకూడదండోయ్.”

బేబి ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఫల్గుణ అది గమనించాడు. మాస్టారైతేనే బావుండేది కాబోలు దీనికి, అనుకున్నాడు.

“ఎవడైనా కుడి చేత్తోనే కొడతాడు,” అని చెప్పాడు ఉదయ్. “అందుకని అతని ఎడమ పక్కకు జరిగి నిలబడాలి.”

బేబి భర్తకు కుడి పక్కన నిలబడింది.

“అటు కాదమ్మా, ఇటు.”

బేబి కదల్లేదు. తలుపు తన వెనక ఉండేలా చూసుకుంది. రెండు అరచేతులూ తెరిచి చూపించింది.

ఫల్గుణ మొదలెట్టాడు. “నా మనిసికి సూదెయ్యరేటే? ఆడితో ఇకఇకలాడతా నిలబడ్డావేటే?”

రెండో మాట వేషంలోది కాదు. నర్సులకు మాత్రం తెగ నచ్చేసింది.

“మీ బాధ నాకర్థమవుతోంది. కూర్చోండి. కాసిన్ని మంచినీళ్లు తాగండి,” అంది బేబి.

ఎంత మెత్తటి గొంతు! ఇంట్లో ఏనాడూ వినలేదు. అన్నీ ఆ మాస్టారి మాటలే. ఆ ఊహకే ఫల్గుణ తల తిరిగిపోయింది. అతని ఎడమ చెయ్యి గాల్లోకి లేచింది.

అప్పటికే బేబి అక్కడ లేదు. దెబ్బ గాలికి తగిలింది. అతను ఆమె మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. బొటనవేలి వైపు ఒక్క తిప్పు. మరుక్షణం ఆమె తలుపు పక్కన సాయానికి పిలిచే గంటను గణగణ మోగించింది.

చప్పట్లు ఆగలేదు.

“అచ్చం తాగొచ్చినోడే!” అంది ఉమామహేశ్వరి.

ఉదయ్ మాత్రం ఆశ్చర్యపోతున్నాడు. “నేను చెప్పిన పక్క నిలబడి ఉంటే చెంప పగిలేది. ఎడమ చెయ్యి లేస్తుందని నీకెలా తెలిసింది?”

“మొగుడు కాదేటి బాబూ, దానికి తెల్దేటి!” అంది సోములమ్మ.

మళ్లీ నవ్వులు. ఆ రోజు మొదటిసారి ఫల్గుణ కూడా నవ్వాడు, మాస్టారి వైపు చూసి.

“సరే, పోయిన నెల వార్డులో నిన్ను కొట్టినవాడు ఎలా కొట్టాడో కూడా చెప్పమ్మా. అందరికీ పనికొస్తుంది,” అన్నాడు ఉదయ్.

బేబి కుడి చెంప తడుముకుంది.

“వార్డులో నన్నెప్పుడూ ఎవరూ కొట్టలేదు సార్,” అంది, భర్త ఎడమ చేతినే చూస్తూ.