అత్తగారి గదికి పెద్దది

మెకానిక్ మునీర్ బర్నర్‌ను, ఇల్లంతా వేడినీటి గొట్టాలతో వెచ్చబెట్టే బాయిలర్ మూతికి ఆనించి బోల్టులు బిగిస్తున్నంతసేపూ వదాద్ అతని పక్కనుంచి కదల్లేదు. పెళ్లినాడు కూడా ఆమె ముఖం అంత వెలగలేదు.

"ఏ గదికి ఆ గది కుళాయి వేరుగా ఉంటుందన్నావు కదూ?"

"ఉంటుందక్కా. అన్నీ తెరిచి, ఒక్క గదినే కట్టెయ్యాలన్నా కట్టెయ్యొచ్చు."

"ఒక్క గదినే," అంది వదాద్ మెల్లగా.

డీజిల్ డబ్బా మోసుకొస్తున్న ఆమె భర్త నజీబ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. భార్య గొంతులో ఆ తీపి వింటే అతనికి భయం వేసింది. లోపల్నించి అతని తల్లి కేకలు ఆగడం లేదు.

"నా పొయ్యి జోలికొస్తే చేతులు విరగ్గొడతా! మేకలవాడి కూతురికి గోడల్లో నిప్పు కావాల్సొచ్చిందా?"

ఆ ఇంట్లో చలికాలమంటే ఉమ్ నజీబ్ గదే; నజీబ్ తల్లిని ఊరంతా అలాగే పిలిచేది. ఇంటికంతటికీ ఉన్న ఒక్క ఇనుప పొయ్యి ఆవిడ మంచం పక్కనే ఉండేది. షేక్ కొండ మీద మంచు కనపడిందంటే చాలు, పొద్దుగూకేసరికి ముగ్గురు కొడుకులూ కోడళ్లూ పిల్లలూ అక్కడ చేరేవాళ్లు. ఎవరెక్కడ కూర్చోవాలో ఆవిడే చెప్పేది. పెద్ద కోడలైనా వదాద్ చోటు గడప దగ్గర, ఈదురుగాలి వీపుకి కొట్టేచోట. పిల్లికి అంతకన్నా మంచి చోటుండేది. టీలా తాగే మతె ఆకు నానేసిన సొరబుర్ర ఒక్కటే అందరి చేతులూ మారుతూ వచ్చేది. వదాద్ దాకా వచ్చేసరికి పస పోయి ఉత్త వేడినీళ్లు మిగిలేవి.

ఇక కొలువు మొదలయ్యేది. ఇవాళ ఎవరి కూర ఉప్పు కషాయం? ఎవరి నాన్న మేకల మధ్య పడుకునేవాడు? ఏది అడిగినా జవాబు వదాదే. అందరూ పడీపడీ నవ్వేవాళ్లు.

నెలలు నిండకుండానే ఆమె కడుపు పోయిన ఏడు, ఆ పొయ్యి ముందే, ఉమ్ నజీబ్ ఆమెకేసి చూస్తూ అడిగింది. "తోటలో ద్రాక్షతీగ ఎండిపోతే ఏం చేస్తాంరా?"

"పీకి పొయ్యిలో పెడతాం," అన్నాడు చిన్నకొడుకు.

గది గొల్లుమంది. నజీబ్ కూడా నవ్వాడు.

వదాద్ ఏడవలేదు. మంటకేసి చూస్తూ కూర్చుంది. లేచేసరికి ఒక నిర్ణయానికి వచ్చేసింది.

తర్వాత కొడుకు పుట్టాడు, కూతురు పుట్టింది. నిర్ణయం మాత్రం మారలేదు. ఏటేటా ద్రాక్షపాకం కాచి బీరూట్ దుకాణాలకు అమ్మింది. ఒక ఏడు గదిగదికీ పైపులు, గోడలకు రేడియేటర్లు వేయించింది. ఒక ఏడు బాయిలర్ కొంది. ఈ ఏడు బర్నర్.

మునీర్ ఫిల్టర్ బిగిస్తుండగా నజీబ్ ఆమెను పక్కకు పిలిచాడు.

"చూడూ, అమ్మ నిన్ను ఎన్నెన్ని మాటలందో నాకు తెలుసు. కానీ ఇప్పుడు ముసలిదైపోయింది. ఆవిడ గదిని చల్లబెట్టి పగ తీర్చుకోకు. నీకు పుణ్యముంటుంది."

"పగా?"

"నీ కళ్లు చూస్తే తెలియడం లేదూ?"

"నీకేం తెలీదు," అని వదాద్ వెనక్కి వెళ్లిపోయింది.

మునీర్ మీట నొక్కాడు. బర్నర్ దగ్గి ఆగిపోయింది. "గొట్టంలో గాలుంది," అంటూ మర వదులు చేశాడు. నురగ పోయి డీజిల్ ధారగా వచ్చాక మళ్లీ బిగించి నొక్కాడు. పంకా తిరిగింది. నిప్పురవ్వ టకటకమంది. మంట భగ్గున అందుకుంది. గాలి సరిచేస్తూ పోతే ఎర్రగా పొగలు కక్కే మంట కాస్తా తేటపడింది. చిన్న అద్దంలోంచి వదాద్ దాన్ని కళ్లార్పకుండా చూసింది.

తర్వాత గదిగదికీ వెళ్లి కుళాయిలు తనే తెరిచింది. తమ గది, పిల్లల గది, మరుదుల గదులు. చివరికి అత్తగారి రేడియేటర్ ముందు వంగింది. నజీబ్ వెనకాలే వచ్చి ఆమె చేతికేసి చూశాడు.

కుళాయి చివరిదాకా తెరిచింది.

"ఇంట్లోకెల్లా పెద్దది నీకే పెట్టించింది పెద్దమ్మా," అన్నాడు మునీర్. "ఇంత అక్కర్లేదక్కా అంటే వినందే!"

ఉమ్ నజీబ్ నమ్మలేదు. ముందు ఒక వేలు పెట్టి చూసింది. తర్వాత రెండు అరచేతులూ ఆనించింది. కాసేపటికి శాలువా వదులు చేసుకుంది.

"చల్లగా బతుకు తల్లీ," అంది. ఆ నోటంట వదాద్ విన్న మొదటి దీవెన అది.

"మరి పొయ్యి?" అన్నాడు మునీర్.

"తీసుకుపోండి నాయనా. ఆ పొగకే నాకీ దగ్గు."

నజీబ్ సిగ్గుపడిపోయాడు. భార్య చెయ్యి పట్టుకుని, "నేనే తప్పుగా అనుకున్నాను," అన్నాడు. మునీర్ ఊళ్లో ప్రతి దుకాణం ముందూ ఆగి ఆ కోడలి మంచితనం చెప్పుకున్నాడు.

ఆ వారమే మంచు పడింది. పొద్దుగూకగానే ఉమ్ నజీబ్ తెల్లటి ముసుగు సర్దుకుంది. మోకాళ్లు నొప్పి పెడుతున్నా గది చుట్టూ దిండ్లు తనే పరుచుకుంది. గడప దగ్గర వెయ్యలేదు. వదాద్ దిండు తన మంచం పక్కనే వేసింది. తలుపుకేసి చూస్తూ కూర్చుంది.

చాలాసేపటికి వదాద్ ఒక్కతే మతె బుర్ర పట్టుకుని వచ్చింది. తనకోసం వేసిన దిండును చూసింది.

"ఏరే వీళ్లంతా? ఇంకా ఒక్కళ్లూ రాలేదేం?" అంది ముసలావిడ.

"ఎందుకొస్తారు అత్తయ్యా, ఇప్పుడు ఎవరి గది వాళ్లకి వెచ్చగానే ఉందిగా," అంటూ బుర్ర ఆవిడ చేతికిచ్చి, వదాద్ బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది.