గీత పడిన మిషన్లు

“సంతకం గింతకం నాకు తెల్వది. ఇయ్యాల షెడ్డుకు తాళం పడాల్సిందే,” అంటూ సోమేశ్వర్ కాగితాల కట్టను బల్ల మీదికి విసిరికొట్టాడు.

ఆయనది సంగారెడ్డిలో ఇనుప కడ్డీల దుకాణం. కమలకు అరువిచ్చిన సరుకు పదకొండు లక్షలకు చేరింది. పక్కనే కూర్చున్న ఫైనాన్స్ జయంత్‌కు ఏడు లక్షలు రావాలి. ఇద్దరికీ కలిపి పటాన్‌చెరు పారిశ్రామికవాడలో కనబడుతున్నది తాము కూర్చున్న ఈ రేకుల షెడ్డు, అందులో మూడు లేత్ మిషన్లు. పదహారేళ్లు పరాయి షెడ్లలో కూలికి మిషన్ తిప్పి కమల సొంతంగా పెట్టుకున్నవి అవి. సరుకు తీసుకున్న కంపెనీ డబ్బులు ఎగ్గొట్టి మూతపడితే, ఆ బాకీ అంతా వచ్చి ఆమె మెడకు చుట్టుకుంది.

లాయర్ రచన కాగితాలు ఏరి మళ్లీ మొదలుపెట్టింది. “నెలకు ఇద్దరికీ కలిపి యాభై వేలు, మూడేళ్లు. అప్పటిదాకా మిషన్లు మీ ఇద్దరి పేర తాకట్టులో ఉంటాయి. ఇద్దరూ సంతకం పెడితేనే ఒప్పందం.”

“మూడేండ్లా? ఈమె మాట నమ్మి నేను ముసలోన్ని కావాల్నా? మిషన్లు అమ్మితే రేపే పైసలు చేతికొస్తయి,” అన్నాడు సోమేశ్వర్.

“మిషన్లు పోతే నేను దేంతోని కట్టాలె సేటూ? సోమవారం సంది కొత్త ఆర్డర్ ఉన్నది. జెర ఊపిరి తీసుకోనియ్యిండ్రి,” అంది కమల.

“నా పైసల మీదనే కదా ఊపిరి తీస్తున్నవ్,” అన్నాడు జయంత్, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే.

కమలకు ఎదురు మాట అనడానికి లేదు. ఈ ఇద్దరూ కాదంటే రేపటి నుంచి ఆమె మళ్లీ ఎవరి షెడ్డులోనో కూలికి నిలబడాలి. అదీ నలభై ఎనిమిదేళ్ల వయసులో.

బయట ట్రాలీ ఆటో ఆగింది. ఖదీర్ దిగాడు. ఇంద్రేశం దారిలో తుక్కు దుకాణం అతనిది. తుక్కు వ్యాపారులు షెడ్ల యజమానులకు ముందే అడ్వాన్సులిచ్చి, లేత్‌ల కింద రాలిన ఇనుముతో నెమ్మదిగా జమ చేసుకోవడం అక్కడ మామూలే.

అతను ఎవరినీ పలకరించలేదు. కొత్త చాక్‌పీసు డబ్బా చింపి, ఒక ముక్క తీసి, మొదటి లేత్ మీద పెద్ద సున్నా చుట్టి లోపల ఒకటి అంకె వేశాడు.

“ఏయ్, ఏం జేస్తున్నవ్?” సోమేశ్వర్ కుర్చీలోంచి లేచాడు.

“కనవడ్తలేదా సేట్? గుర్తు పెడ్తున్న. సాయంత్రం క్రేన్ వస్తది.”

సోమేశ్వర్ ముఖం మాడిపోయింది. ఆ వాడలో ఒక తుక్కు వ్యాపారి గీత పడిన సరుకును ఇంకొకడు బేరమాడడు. గీత గీసినవాడు చెప్పిందే ధర. ఆ కట్టుబాటు ఆయనకు తెలియనిది కాదు.

“ఏమ్మా, ఈయనకు గూడ బాకీ ఉన్నవా?” జయంత్ ఫోన్ పక్కన పెట్టాడు.

“మా లెక్కలు మాకున్నయి,” అని కమల విసురుగా ఖదీర్ వైపు తిరిగింది. “నువ్వు ముందుగాల నా షెడ్డుల నుంచి బయటికి నడువ్!”

“నడుస్త. మూడు మిషన్లు ఎక్కించుకోనే నడుస్త.” ఖదీర్ రెండో లేత్‌కూ గుర్తు పెట్టి సుత్తితో ఖంగుమనిపించాడు. “బీడు ఇనుము. పలగ్గొడితే కిలో ముప్పై.”

“లక్షల మిషన్‌ను కిలోల లెక్కన అమ్ముతవా? సిగ్గు లేదా నీకు?” సోమేశ్వర్ అరిచాడు. మిషన్లు అమ్మేయమని ఇంతసేపూ గోల పెట్టింది తనేనని ఆ పెద్దమనిషికి గుర్తున్నట్టు లేదు.

“మీకు ఎంత రావాలో చెప్పండి, మీ పేరు కూడా రాస్తాను,” అంది రచన.

“తుక్కు దందా నోటి మాట మీద నడుస్తది మేడం. నేను ఏ కాయితం మీద సంతకం పెట్ట. పన్నెండేండ్ల సంది గీ షెడ్డుల తుక్కు ఎత్తుతున్న. ఇగ షెడ్డునే ఎత్తుత.”

“పోలీసులను పిలుస్త!” అన్నాడు జయంత్.

“పిలువ్. మిషన్ నీదని ఏం కాయితం సూపిస్తవ్?”

జయంత్ ఫోన్ అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఈలోపు మూడో లేత్ మీద కూడా చాక్‌పీసు కిర్రుమంది.

“తాకట్టు మీద మీ ఇద్దరి సంతకాలుంటే ఇతను ఒక్క బోల్టు కూడా కదిలించలేడు. కదిలిస్తే నేను కేసు వేస్తాను,” అంది రచన. “సంతకాలు లేకపోతే నేను చేయగలిగింది లేదు.”

“ఆ పెన్ను ఇటియ్యమ్మా,” అన్నాడు సోమేశ్వర్.

ఆయన సంతకాలు పూర్తికాకముందే జయంత్ అవతలి పేజీలు లాక్కున్నాడు. చివరికి కమల వంతు వచ్చింది. చేతి మసి కొంగుకు తుడుచుకుని పేరు రాసింది. ఆ సంతకంతోనే మూడేళ్లు ఆమెవయ్యాయి.

“మీ ముగ్గురి సంగతి సూస్త,” అని ఖదీర్ గుమ్మంలో తుపుక్కున ఉమ్మి, ఆటోను రయ్యిమనిపించుకుంటూ వెళ్లిపోయాడు.

“ఒక్క నెల తప్పినా మర్యాద ఉండది కమలమ్మా,” అని వేలు చూపించి సోమేశ్వర్, ఆయన వెనకే జయంత్, కాగితాలతో రచన బయటికి నడిచారు.

కమల తడిగుడ్డ తీసుకుని మిషన్లు తుడవసాగింది. మూడో లేత్ దగ్గరికి వచ్చేసరికి బయట మళ్లీ ట్రాలీ ఆటో చప్పుడయింది. ఖదీర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె వెనక్కి తిరగలేదు.

“ఇగ నీది గూడ తేల్సుకుందాం,” అంది తుడుస్తూనే. “నేను నీకెంత బాకీ?”

“చాక్‌పీసు డబ్బాకు ఇరవై రూపాయలక్కా.”