పద్నాలుగు అభ్యంతరాలు

"పంపేశావా?" అన్నాడు కృష్ణమోహన్, కాఫీ కప్పు నోటిదాకా వెళ్ళకుండానే.

"పొద్దున్నే పంపేశానండీ. మొత్తం పద్నాలుగు కామెంట్లు" అంది అతని భార్య జ్ఞానేశ్వరి గర్వంగా.

కృష్ణమోహన్ కప్పు కింద పెట్టేశాడు. జ్ఞానేశ్వరి ఐర్లండ్‌లోని గాల్వే యూనివర్సిటీలో టాక్సికాలజిస్టు. ఏది ఎంత మోతాదు దాటితే విషమవుతుందో తేల్చడం ఆవిడ పని. అక్కడి కాంట్రాక్టు ఈ శుక్రవారంతో సరి. అదృష్టం బాగుండి నేస్ అనే ఊళ్ళో షాంపూలూ, పసిపిల్లల క్రీములూ తయారుచేసే కంపెనీ ఒకటి పర్మనెంటు ఉద్యోగానికి ఆఫర్ లెటరు పంపింది. అభ్యంతరాలుంటే రాయండి, లేకపోతే సంతకం పెట్టి పంపండి అంది. అభ్యంతరాలుంటే అనేది మర్యాదకి అనే మాటని ఎవరికైనా తెలుస్తుంది. తొమ్మిదేళ్ళుగా పక్కవాళ్ళ రీసెర్చ్ పేపర్లలో తప్పులు పట్టిన మనిషికి ఎలా తెలుస్తుంది, పాపం!

అతను లాప్‌టాప్ లాక్కుని చదవడం మొదలుపెట్టాడు. 'పని వాతావరణం ఆహ్లాదంగా ఉంటుందన్నారు. ఆధారాలు చూపలేదు.' 'అప్పుడప్పుడు ప్రయాణాలుంటాయన్నారు. అప్పుడప్పుడంటే ఎంత? మోతాదు చెప్పాలి.' 'మూడో పేజీలో ఉన్నదే ఐదో పేజీలోనూ ఉంది. ఒకటి తీసేయండి.' అన్నిటికీ పైన లావుపాటి అక్షరాలతో, 'ప్రస్తుత రూపంలో అంగీకరించలేను. భారీ సవరణలు అవసరం.'

"ఉద్యోగం ఇస్తామన్నవాళ్ళకి మార్కులేశావేంటే తల్లీ" అన్నాడు నీరసంగా.

వాళ్ళకి పనికొస్తుందని రాశానంటూనే జ్ఞానేశ్వరి ఆగిపోయింది. చేసిన నిర్వాకం అప్పుడు బుర్రకెక్కింది. ఏడుపు ముంచుకొచ్చింది. సారీ చెబుతూ ఇంకో మెయిలు పెడదామనుకుంటుండగానే ఫోను మోగింది. కంపెనీ హెచ్ఆర్ మేనేజరు అబిగేయిల్. స్పీకర్ నొక్కింది.

అబిగేయిల్ నవ్వు ఆపుకోలేకపోతోంది. ఆ కామెంట్లని ఆఫీసులో పైకి చదివారట, అందరూ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారట. పసిపిల్లల క్రీములకి సరిగ్గా ఇలాంటి కళ్ళే కావాలని డైరెక్టరు అన్నాడట. పద్నాలుగూ ఒప్పేసుకుని లెటరు తిరగరాశారట. సోమవారం వచ్చి చేరిపొమ్మంది.

జ్ఞానేశ్వరి కెవ్వుమంది. ఆనందం పట్టలేక సోఫా ఎక్కి గెంతింది. కృష్ణమోహన్ ఓ మైసూర్‌పాక్ ముక్క తెచ్చి ఆవిడ నోట్లో కుక్కేసి, తనూ సోఫా ఎక్కాడు. ఫోన్లో ఇంకా మనిషి ఉన్న సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

"మీ తొమ్మిదో కామెంటైతే మా డైరెక్టరుకి తెగ నచ్చేసింది" అంది అబిగేయిల్. "దేన్నైనా సురక్షితమని తేల్చడానికి ఆరు నెలల పరిశీలన చాలదు, కనీసం ఏడాది కావాలని రాశారుగా. అలాగే కానిమ్మని మీ ఆరు నెలల ప్రొబేషన్‌ని ఏడాదికి పెంచేశాం."