చుట్టుదారి

పెద్ద రోడ్డు మీద వెళితే ముప్పావు గంట ప్రయాణం. లయొనెల్ పొద్దున ఎనిమిదింటికి బయల్దేరాడు. మధ్యాహ్నమైనా ఇంకా ఇంగ్లండులోని సఫోక్ పల్లెల మధ్య ఇరుకు దారుల్లోనే కారు తిప్పుతున్నాడు. పక్క సీట్లో బెరిల్. ఆమెకు సీటు బెల్టు కూడా తనే పెట్టాడు.

ఆమెను హ్యూబర్ట్ దగ్గర దిగబెట్టాలి. హ్యూబర్ట్ ఆమె మొదటి మొగుడు. ఆయన దగ్గరికే వెళ్ళిపోతానని, నెల కిందట లయొనెల్ చెయ్యి పట్టుకుని మరీ అడిగింది. సరేనని మాటిచ్చేశాడు.

లావెన్‌హామ్‌లో పాతకాలపు వంకర ఇళ్ళ ముందు ఆపాడు. లాంగ్ మెల్ఫర్డ్‌లో చర్చి చుట్టూ రెండుసార్లు తిప్పాడు.

"చూడు, ఐదొందల ఏళ్ళ నాటి రంగుటద్దాలు. నీకు ప్రాణం కదా!"

బెరిల్ ఉలకలేదు, పలకలేదు.

"వాడితో కాపురం ఆరేళ్ళు. నాతో ఇరవై ఆరు. నువ్వు టీలో చక్కెర వేసుకోవన్న సంగతి కూడా గుర్తుండేది కాదటగా వాడికి! ఏం చూసి వెళుతున్నావే?"

లయొనెల్‌కి ఒళ్ళు మండింది.

కెర్సీలో టీ దుకాణం కనిపిస్తే మళ్ళీ ఆగాడు.

"ఒక్క టీయేనా, పెద్దాయనా?" అంది కొట్టావిడ.

"ఒక్కటే. మా ఆవిడ కారులో ఉంది."

"అయ్యో, రమ్మనకపోయారా? కేకులు ఇప్పుడే దింపాను."

"రాదమ్మా. పాత మొగుడి దగ్గరికి ప్రయాణం కట్టింది. నేను డ్రైవర్ని."

కొట్టావిడ పకపకా నవ్వింది. "మీరు దేవుడండీ బాబూ! మా ఆయనైతే బస్టాపు దాకా కూడా రాడు."

లయొనెల్ సగం టీ వదిలేసి కారెక్కాడు. ఊరి మధ్య వాగులోంచి బాతులు తీరిగ్గా దారి దాటుతున్నాయి. హారన్ కొట్టలేదు.

"వెనక్కి తిప్పేయనా, బెరిల్? మనింటికి పోదాం. ఎవడడుగుతాడు మనల్ని?" అన్నాడు. అంతలోనే మాట మాటే అనుకుని గేరు మార్చాడు.

హ్యూబర్ట్ ఊరు చేరేసరికి మూడయింది. చర్చి గేటు దగ్గర పాస్టరు గొడుగు వేసుకుని నిలబడ్డాడు.

"పదకొండింటికన్నారు కదండీ!"

"దారిలో నాలుగు చర్చిలు చూపించాను. ఎక్కడున్నాడు ఆయన?" పళ్ళు నూరుతూ అడిగాడు లయొనెల్.

"గోడవార, ఆ చెట్టు కింద. ఆవిణ్ణి తీసుకురండి."

బెరిల్ అస్థికలున్న చెక్కపెట్టెను గుండెకు హత్తుకుని, హ్యూబర్ట్ సమాధి పక్కన తవ్విన జానెడు గోతి దాకా నడిచిన లయొనెల్, పాస్టరు రెండోసారి చేతులు చాచినా దాన్ని వదల్లేకపోయాడు.