బుల్లిరాజు స్పానిష్ పాట

1981లో అరబ్బు దేశంలోని ఫహాహీల్ ఊళ్లో, ఒక హోటల్లో పాడాల్సిన స్పానిష్ గాయకుడు చెప్పాపెట్టకుండా విమానమెక్కేశాడు. మిగిలింది గిటారు వాయించే కార్లోస్ ఒక్కడే. వచ్చి మూడు నెలలైనా అతను ఎవరితోనూ మాట్లాడి ఎరగడు.

మేనేజరు వంటగదిలో గిన్నెలు తోముతున్న బుల్లిరాజుని లాక్కొచ్చి పూల చొక్కా తొడిగాడు.

"యల్లా, కానీ! స్పానిష్‌లో పాడు. లేకపోతే నీ ఉద్యోగం ఖలాస్!"

బుల్లిరాజు కోనసీమలో బస్సు కండక్టరుగా చేసినవాడు. స్పానిష్ ఒక్క ముక్క రాదు. భయంతో కళ్లు మూసుకుని గొంతెత్తాడు.

"రావులపాలెమో... కొత్తపేటో... అంబాజీపేటో... అమలాపురమో!"

గిటారు జోరందుకుంది. జనం లేచి చిందులేశారు. మేనేజరు అక్కడికక్కడే అతన్ని గాయకుణ్ణి చేసేశాడు.

చప్పట్ల మధ్య కార్లోస్ వంగి, అతని చెవిలో మెల్లగా అడిగాడు.

"ఏవండోయ్, ముక్కామల్లో ఆపలేదేటండీ? మాదా ఊరేనండి బాబూ!"