మారని రెండు చుక్కలు

"నా మార్కులు మీ సారుకు పనికొచ్చినాయామ్మా?" మగ్గం గుంతలో కూర్చుని నాడె విసురుతూ అడిగాడు కుళ్ళాయప్ప.

ఇంద్రాణి గ్రాఫు కాగితాన్ని వీపు వెనక్కి తీసుకుంది.

బెంగుళూరు సారు దగ్గర ఆమె ఇంటర్న్‌షిప్, వెలుగు మారే ఒక నక్షత్రం మీద. పోల్చి చూడ్డానికి ఎన్నడూ మారనివి రెండు. పట్టు రంగుల్లో వెంట్రుకవాసి తేడా పట్టే కళ్ళు ఆయనవని, చూసే పని తండ్రికే అప్పజెప్పింది. ఆయన ఆర్నెల్లుగా రోజూ చీకటి పడగానే మిద్దెక్కి, మూడింటి వెలుగుకూ పదికి ఇన్నని మార్కులు వేసి, నోటుబుక్కులో రాశాడు.

"పనికొచ్చినాయి నాయనా."

"చుక్క తగ్గిందా?"

"తగ్గింది."

"కడమ రెండూ?"

ఆమె వీపు వెనకే కాగితాన్ని మడిచింది. నాడె ఆగింది.

"అవి గూడా తగ్గినాయి. రాసినోడికి తెల్దా? అవి మారవని నువ్వే చెప్తివే."

"మబ్బు అడ్డమొచ్చిందేమో నాయనా."

"ఆర్నెల్లుగా ఈడ యాడిదమ్మా మబ్బు?"

వంటింట్లో తల్లి గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. కుళ్ళాయప్ప గొంతు తగ్గించాడు.

"ఆ కాగితం మీయమ్మకు చూపించాకు. చీర ఇంకా సగముండాది."

ఆయన వేళ్ళు పడుగు మీద అటూ ఇటూ తడిమాయి.

"ఈడేదో పోగు తెగింది. యాడుండాదో రోంత చూడమ్మా."

తెగిన పోగు ఆయన బొటనవేలి పక్కనే ఉంది. ఎర్రటి పోగు, తెల్లటి పడుగు మీద.